ఎడమ అంచున ఒక చెయ్యి

మా యూనివర్సిటీ డిజిటల్ ఆర్కైవ్‌లో ‘వీళ్లెవరో చెప్పగలరా?’ అని ఒక విభాగం ఉండేది. పేర్లు తెలియని మనుషులున్న ఫొటోలన్నీ అందులోకి వెళ్లేవి. అక్కడ పనిచేసిన రెండేళ్లలో నేను ఎన్ని ఫొటోల్ని అందులోకి పంపానో లెక్కలేదు. పేరు దొరికి బయటికి వచ్చినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పని మానేసి ఇన్నేళ్లయినా, రాత్రిపూట ఏమీ తోచనప్పుడు నేను తెరిచేది ఆ విభాగాన్నే. ఒక్కో మొహాన్నీ పెద్దది చేసి చూస్తాను, ఈ మధ్య ఎవరైనా వచ్చి పేరు చెప్పి ఉంటారేమోనని.

అందులో ఒక ఫొటో ఉండేది. పాత లైబ్రరీ నుంచి కొత్త భవనానికి పుస్తకాలు మార్చిన రోజుది. మోసింది కూలీలు కాదు, విద్యార్థులే. పాత భవనం మెట్ల దగ్గర మొదలుపెట్టి కొత్త భవనం గుమ్మం దాకా వరుసగా నిలబడి, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి పుస్తకాలు అందించుకుంటున్నారు. నలుపు తెలుపు ఫొటో. మధ్యలో ఒక అమ్మాయి గడ్డం దాకా పుస్తకాలు పేర్చుకుని, పక్కకి తిరిగి పగలబడి నవ్వుతోంది. ఎవర్ని చూసి నవ్వుతోందో ఫొటోలోకి రాలేదు. ఎడమ అంచున ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. అరచెయ్యి పైకి, పుస్తకాల అడుగున ఆనించి ఉన్న చెయ్యి. మణికట్టుకి వాచీ, డయల్ లోపలి వైపుకి తిప్పి పెట్టుకున్న వాచీ.

ఆ ఫొటోకి వివరణ రాసింది నేనే. ‘పుస్తకాలు చేతులు మారుస్తున్న విద్యార్థులు. మధ్యలో నవ్వుతున్న విద్యార్థిని, పేరు తెలియదు. ఎడమ అంచున మరొకరి చెయ్యి.’ చేతిని రాయడం అనవసరమనుకున్నాను గానీ, మేడమ్ రాయించారు.

మేడమ్ అంటే ఆర్కైవ్‌ని చూసుకునే ఆవిడ. నేను పీజీ రెండో ఏడాదిలో ఉండగా లైబ్రరీ నోటీసు బోర్డులో చిన్న కాగితం అంటించారు. పాత ఫొటోలు స్కాన్ చేయడానికి విద్యార్థులు కావాలనీ, ఓపిక ఉన్నవాళ్లే రావాలనీ. స్కానింగ్ అంటే జిరాక్స్ తీయడం లాంటిదే కదా, దానికి ఓపిక ఎందుకు అనుకుంటూ వెళ్లాను. బేస్‌మెంట్‌లో ఆ గది తలుపు తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది.

“వెనిగర్ వాసన వచ్చిందా?” అన్నారు మేడమ్ తలెత్తకుండానే. “అది ఫిల్ము చచ్చిపోతున్న వాసనమ్మా. ఎవరూ చూడకుండానే పోయే ఫొటోల వాసన.”

ఆ మాట విన్నాక ఇంక ఆ గదిలోంచి వెళ్లబుద్ధి కాలేదు. పాత నెగటివ్‌ల ఫిల్ము సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసింది. వేడీ తేమా తగిలితే అది మెల్లగా విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వెనిగర్‌లో ఉండేది కూడా అదే ఆమ్లం. ఆ ఆమ్లం అక్కడితో ఊరుకోదు, మిగిలిన ఫిల్మునీ తొందరపెడుతుంది. గాలాడని పెట్టెలో ఒక్క నెగటివ్ పాడైతే పక్కవాటికీ సోకుతుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, దాని మీది జెలటిన్ పొరకి కుంచించుకోవడం చేతకాక ముడతలు పడుతుంది. ఆ ముడతల కింద మొహాలుంటాయి.

ప్రతి పెట్టెలోనూ ఒక నీలం కాగితం ముక్క పెట్టి మూత వేసి, మర్నాడు చూసేవాళ్లం. ఆమ్లం ఉన్న కొద్దీ ఆ నీలం ఆకుపచ్చ అవుతుంది, ఇంకా ముదిరితే పసుపు అవుతుంది. నీలంగా ఉన్న పెట్టె ఆగగలదు. పసుపు అయినదాన్ని వెంటనే ముందుకి తెచ్చుకోవాలి. పొద్దున్నే వచ్చి ఆ మూతలు తీసే క్షణం, పరీక్ష ఫలితాలు చూసుకున్నప్పుడు కూడా నాకు గుండె అలా కొట్టుకోలేదు. పసుపు పెట్టెలు వచ్చిన రోజు మేడమ్ భోజనానికి కూడా లేచేవారు కాదు.

పని నేర్చుకోవడానికి నెల పట్టింది. నెగటివ్‌కి రెండు ముఖాలుంటాయి, ఒకవైపు నున్నగా మెరుస్తుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. ఆ మసక వైపే బొమ్మ ఉండేది. తిరగేసి పెడితే ఫొటో కుడి ఎడమలు తారుమారవుతాయి. స్కాన్ చేశాక ప్రతి దాంట్లోనూ ఏదో ఒక సాక్ష్యం వెతికేవాళ్లం. గోడ మీద బోర్డు ఉంటే అక్షరాలు సరిగా ఉన్నాయా, చొక్కా గుండీలు ఏ వైపున్నాయి, వాచీ ఏ చేతికుంది. ఒక్కటీ లేకపోతే ఫిల్ము అంచున అచ్చయి ఉండే అంకెలు చూసేవాళ్లం, అవి తిన్నగా చదవడానికి వస్తే నెగటివ్ తిన్నగా ఉన్నట్టే. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, గాలి బుడ్డితో దుమ్ము ఊది, చట్రంలో పెట్టి, మళ్లీ ఊది, అప్పుడు మీట నొక్కాలి. 35 మిల్లీమీటర్ల నెగటివ్‌ని 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున, చదువుతుంటే తెరమీద పైనుంచి కిందికి గీతలు గీతలుగా బొమ్మ దిగుతుంది. ముందు ఆకాశం, తర్వాత చెట్ల కొమ్మలు, తర్వాత జుట్టు, నుదురు, కళ్లు. కళ్లు వచ్చేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

కాగితం మీది ఫొటోలది ఇంకో కథ. వాటి అసలు సంపద వెనక వైపు ఉంటుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాసినవాళ్లకి నమస్కారం పెట్టాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అక్షరాలు ముందువైపుకి ఉబ్బుతాయి. నుదుటి మీద ఎవరి పేరో తిరగబడి కనిపించే ఫొటోలు ఎన్ని చూశానో! అయినా రాయనివాళ్ల కంటే వాళ్లే నయం అనేవారు మేడమ్. రంగుల ఫొటోలు చాలావరకు ఎర్రబారిపోయి ఉండేవి. వాటిలోని మూడు రంగుల పొరల్లో సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, ముందు వెలిసిపోతుంది, చీకట్లో దాచినా సరే. అందుకే ఆ కాలం స్నాతకోత్సవాలన్నీ సాయంత్రం ఎండలో జరిగినట్టుంటాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లు చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ప్లాస్టిక్ పొర తీసి, ఫొటో అంటించి, పొర కప్పేసే ఆల్బమ్‌లు. ప్రేమతో దాచుకున్నవాళ్లే ఫొటోల్ని ఆ జిగురుకి అప్పగించారు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో కిందకి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ విడదీసేవాళ్లం. ఒక్కో ఫొటోకి ఒక్కోసారి అరగంట పట్టేది.

స్కానింగ్ పనిలో పావు వంతే. మిగతాదంతా రాయడం. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డబ్లిన్ అనే ఊళ్లో కొందరు కూర్చుని, ఏ వస్తువునైనా వర్ణించడానికి కనీసం ఏం కావాలో తేల్చారు. ఆ ఊరి పేరుతోనే దాన్ని డబ్లిన్ కోర్ అంటారు. శీర్షిక, చేసినవారు, విషయం, వివరణ, తేదీ, హక్కులు, ఇలా మొత్తం 15 గడులు. చూడ్డానికి రైల్వే రిజర్వేషన్ ఫారంలా ఉంటుంది. ఆ 15 గడుల ముందు కూర్చుని ఒక్క ఫొటోతో పూట గడిపిన రోజులున్నాయి.

“కనిపించేది రాయి. అనిపించేది రాయకు,” అనేవారు మేడమ్. నేను మొదట్లో ‘ఆనందంగా కబుర్లు చెప్పుకుంటున్న స్నేహితులు’ అని రాసేదాన్ని. “స్నేహితులని నీకెవరు చెప్పారు? ఆనందమని నీకెలా తెలుసు?” అని కొట్టేసేవారు. ‘చెట్టు కింద కూర్చున్న నలుగురు విద్యార్థులు’ అని రాస్తేనే ఒప్పుకునేవారు. తేదీ తెలియనప్పుడు ఊహించి రాయొచ్చు, కానీ చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి. ఇది ఫొటో చెప్పిన మాట కాదు, మేం చెబుతున్న మాట అని చదివేవాళ్లకి తెలియాలి. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. ఎన్నో చోట్ల చూశాను తర్వాత, ఊహని నిజంలా రాసేయడం, ఇంకొకరు దాన్నే ఎత్తి రాసుకోవడం.

తేదీలు కనిపెట్టడానికి మాకు అన్నిటికంటే సాయం చేసింది పరిపాలనా భవనం ముందున్న చెట్టు. ఒక ఫొటోలో అది ముళ్లకంచెలో మోకాలెత్తు మొక్క. నాటిన రోజు వివరం పాత వార్షిక నివేదికలో ఉంది. ఇంకో ఫొటోలో మొదటి అంతస్తు కిటికీని తాకుతోంది, మరో దాంట్లో కిటికీని పూర్తిగా కప్పేసింది. తేదీ ఉన్న ఫొటోలన్నిట్లోంచీ ఆ చెట్టుని మాత్రం కత్తిరించి, వరుసగా గోడకి అంటించుకున్నాం. తేదీ లేని ఫొటో వచ్చినప్పుడల్లా గోడ దగ్గరికి వెళ్లి చెట్టు ఎత్తు చూసి ఐదారేళ్ల తేడాలో సంవత్సరం పట్టుకునేవాళ్లం. ఆ చెట్టు ఇప్పుడు లేదు. మా గోడ మీద మాత్రం మొక్క నుంచి మాను దాకా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడం కష్టమే. పుస్తకాల వరుస ఫొటో ఉన్న పెట్టె నేను ఒంటరిగా చేసిన మొదటి పెట్టె. క్యాంపస్ ఫొటోగ్రాఫర్ ఒకాయన తన నెగటివ్‌లన్నిటికీ వరస నంబర్లిచ్చి, ఒక చేతి పుస్తకంలో నంబరుకొక ముక్క రాసిపెట్టుకున్నారు. నా పని ఆ నంబర్ల ప్రకారం స్కాన్‌లకి పేర్లు పెట్టడం. నవ్వుతున్న అమ్మాయి ఫ్రేము తర్వాతది పూర్తిగా కదిలిపోయి ఉంది. కెమెరాని ఎడమవైపు తిప్పుతూ ఉండగానే నొక్కేసినట్టున్నారు. వెలుతురు చారలు, ఏదో మనిషి ఆకారం, అంతే. పనికిరాదని వదిలేసి తర్వాతదానికి వెళ్లాను. కానీ నంబరు వదిలేయలేదు. వదిలేసిన ఫ్రేము నంబరు దాని తర్వాతి ఫొటోకి వెళ్లింది, దాని నంబరు ఆ పై ఫొటోకి. అలా రెండు వందలకి పైగా ఫొటోలు ఒక్కొక్క మెట్టు పక్కకి జరిగిపోయాయి. నాటక బృందం పేర్లు రసాయన ప్రయోగశాలకి పడ్డాయి. ఆ ప్రయోగశాల వివరం పరుగుపందానికి పడింది.

రెండు నెలల తర్వాత ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. ఆయన స్నేహితుడు చనిపోయాడట. సంతాప సభలో పెట్టడానికి ఫొటో కావాలని మా ఆర్కైవ్‌లో పేరు వెతికారట. పేరు దొరికింది. తెరిచి చూస్తే మనుషులే లేని ప్రయోగశాల బల్ల, దాని మీద గాజు బుడ్లు. ‘మా వాడు ఇందులో ఎక్కడున్నాడో దయచేసి చూపించగలరా’ అని రాశారు. కోపంగా ఒక్క మాట కూడా లేదు. ఆ ఉత్తరం చదువుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెద్దాయనకి సరైన ఫొటో ఆ గంటలోనే పంపించారు. తర్వాత ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, “మొదటి నుంచి చేద్దాం. నేను నంబరు చదువుతాను, నువ్వు చూసి చెప్పు,” అన్నారు. నాలుగు రోజులు పట్టింది. ఆ కదిలిపోయిన ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి నేను చెయ్యి ఆపాను.

“ఇది కూడానా మేడమ్? ఏమీ కనపడదు కదా.”

“నీకు కనపడదు. తీసినాయన నంబరు వేసి ఉంచుకున్నాడు కదా, చెయ్యి.”

స్కాన్ చేశాను. వివరణ గడిలో ‘పుస్తకాల వరుస, కెమెరా కదిలిన ఫ్రేము. వరుసలో ఒక వ్యక్తి, గుర్తించలేం’ అని రాశాను.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి బోధపడింది. మా ఫైళ్లన్నిటికీ చెక్‌సమ్ అని ఒక వేలిముద్ర లాంటిది లెక్కకట్టి దాచేవాళ్లం. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది, కంప్యూటర్ వెంటనే పట్టుకుంటుంది. నేను చేసిన తప్పంతా జరిగిన ఆ రెండు నెలలూ ప్రతి రాత్రీ చెక్‌సమ్‌లు సరిపోతూనే ఉన్నాయి. తప్పు పేర్లతో ఉన్న ఫొటోలు పొల్లుపోకుండా మూడు కాపీలుగా భద్రంగా ఉన్నాయి.

చిత్రకళా విభాగం వాళ్ల పని ఫొటో తీయడం నాకు పండగలా ఉండేది. కాన్వాస్‌కి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు, కింద అంచున 24 గడుల రంగుల అట్ట. ఆ అట్టలోని రంగులు తెరమీద సరిగ్గా వస్తేనే బొమ్మ రంగులూ నిజమని నమ్మాలి. ఒకసారి తైలవర్ణ చిత్రానికి ఒక్క లైటునే బాగా కిందికి దించి పక్కనుంచి వేశాం. పైన కనిపించే పూలకుండీ కింద, రంగు పొర ఉబ్బుల్లో, ఒక మొహం ఆకారం తేలింది. ముందు వేసిన బొమ్మ నచ్చక దాని మీదే మళ్లీ వేసుకున్నాడన్నమాట ఆ విద్యార్థి. కాన్వాస్ కొనుక్కోలేకో, కోపంతోనో. రెండు ఫొటోలూ రికార్డులో పెట్టాం. కారణం మాత్రం రాయలేదు, కనిపించలేదు కాబట్టి.

ఎండుటాకుల్ని దారంతో కుట్టి మెట్లంతటా పరిచిన కళాకృతి ఒకటి ఉంది. అది వారం రోజులే ఉందట. పదకొండు స్లైడ్లు మాత్రం మిగిలాయి. అలాంటిచోట ఫొటోయే ఆ పనికి చివరి ఒళ్లు.

ఒక చిత్రకారుడు మాత్రం ఒప్పుకోలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు వేసిన చిత్రం మా యూనివర్సిటీ గోడకి ఉంది, ఇప్పుడాయన పేరున్న కళాకారుడు. కాన్వాస్ మాది కావచ్చు గానీ, బొమ్మ మీద హక్కు వేసినవాడిదే. అనుమతి అడుగుతూ ఉత్తరం రాస్తే, ‘అది నేర్చుకుంటున్నప్పటి పని. దయచేసి అందరికీ చూపించకండి’ అని జవాబిచ్చారు. నాకు ఆ చిత్రం ఎంతో ఇష్టం, అయినా రికార్డులో పేరూ కొలతలూ మాత్రమే ఉంచి, బొమ్మని మూసేశాం. అందరూ అన్నీ చూడగలగాలని కోరుకునే మనిషిని నేను. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాటే న్యాయమనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంక థీసిస్‌లు. ఎవరూ చదవరని అందరూ అనుకునే పుస్తకాలు. నేను ప్రతి దాంట్లోనూ ముందు కృతజ్ఞతల పేజీ చదివేదాన్ని. గైడ్‌కి, తల్లిదండ్రులకి, లైబ్రరీ సిబ్బందికి, చివరి వరుసలో టైపు చేసినవారికి. టైప్‌రైటర్‌కి గ్రీకు అక్షరాలు ఉండవు. గణితం, భౌతికశాస్త్రం థీసిస్‌లలో ఆల్ఫా బీటాల చోటు ఖాళీ వదిలేసి, తర్వాత పెన్నుతో నింపుకునేవాళ్లు. ప్రతి పేజీలో, ప్రతి కార్బన్ కాపీలో. ఒక థీసిస్‌లో తొంభయ్యో పేజీ తర్వాత ఆల్ఫా తోక మారిపోయింది. అప్పటిదాకా సన్నగా వంగిన తోక, అక్కణ్నుంచి కొక్కెంలా తిరిగింది. ఎందుకా అని వెనక్కి తిరగేస్తే, కృతజ్ఞతల చివర్లో ఉంది జవాబు: ‘చివరి రాత్రి నాతో పాటు గుర్తులు నింపిన గది మిత్రుడికి’. సిరా రంగు కూడా వేరు, ఒకటి నలుపు, ఒకటి నీలం. అంతకు ముందెప్పుడో చోటు ఆదా అవుతుందని థీసిస్‌లని వట్టి నలుపు తెలుపుల్లో స్కాన్ చేశారు. అలా చేస్తే ఆ నీలం ఉండేది కాదు, మార్జిన్లలో పరీక్షకుడు పెన్సిల్‌తో వేసిన ప్రశ్నార్థకాలు ఉండేవి కావు. రంగుల్లోనే చేద్దామని మేడమ్‌తో పట్టుబట్టాను. ఆవిడ నా మాట విన్న మొదటి సందర్భం అదే.

1997లో అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ థీసిస్‌లని ఎలక్ట్రానిక్ రూపంలోనే ఇవ్వాలని నియమం పెట్టింది. ఆ తర్వాత 2000లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ నుంచి ఈప్రింట్స్, 2002లో ఎంఐటీ యూనివర్సిటీ, హెచ్‌పీ కంపెనీ కలిసి చేసిన డీస్పేస్ అనే ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. యూనివర్సిటీలు తమ పరిశోధనని తామే దాచుకుని లోకానికి చూపించుకునే వీలు అప్పుడు కలిగింది. టైప్‌రైటర్ కాలానికీ ఈ కాలానికీ మధ్యలో పడిపోయిన థీసిస్‌లే మమ్మల్ని ఏడిపించాయి. అవి ఫ్లాపీల్లో వచ్చేవి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. మేం 600 డీపీఐలో స్కాన్ చేసిన ఎనిమిది బై పది అంగుళాల ఫొటో ఒక్కటే దాదాపు 86 మెగాబైట్లు ఉంటుంది, అలాంటిది ఆ చిన్న పలకలో ఒక మనిషి మూడేళ్ల కష్టం పట్టేది. మూలనున్న ప్లాస్టిక్ మీటని జరిపి, రంధ్రం తెరుచుకుందో లేదో వెలుతురులో చూసుకుని, అప్పుడు డ్రైవులో పెట్టాలి. అలా తెరిచి ఉంటే పొరపాటున కూడా దాని మీద ఏదీ రాయబడదు. తర్వాత ఆ గరగర చప్పుడు వింటూ కూర్చోవడం.

ఒకటి చదివింది. తెరిస్తే వాక్యాలున్నాయి గానీ ప్రతి మాటలోనూ చివరి అక్షరం చెడిపోయి ఉంది. మొదట ఫ్లాపీ పాడైందనుకున్నాను. మేడమ్ ఒక్క చూపు చూసి, “వర్డ్‌స్టార్,” అన్నారు. పాతకాలపు టైపింగ్ ప్రోగ్రాం అది. ప్రతి మాట చివరి అక్షరానికీ ఒక అదనపు బిట్‌ని గుర్తుగా తగిలించేదట. ఆ బిట్‌ని తీసేసే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాం. నడిపించగానే మాటలన్నీ ఒక్కసారిగా కుదురుకున్నాయి. ఆ సంతోషం ఎలా చెప్పాలో తెలియదు, నోట మాట పడిపోయిన మనిషి మళ్లీ మాట్లాడినట్టుంది. ఇంకో ఫ్లాపీ మాత్రం చదవనే లేదు. నాలుగు డ్రైవులు మార్చాం. ఆ థీసిస్ కాగితం ప్రతి కూడా లైబ్రరీలో లేదు. క్యాటలాగ్‌లో శీర్షిక, రాసినవారి పేరు, సంవత్సరం ఉన్నాయి. ఆ ఫ్లాపీ మీద నీలం సిరాతో ‘చివరి ప్రతి’ అని అందంగా రాసి ఉంది. దాన్ని పారేయలేదు, ఇప్పటికీ ఆ గదిలోనే ఒక కవరులో ఉంది.

చదువైపోయి, నా థీసిస్ కూడా అక్కడే చేర్చి, ఆ ఊరు వదిలిపెట్టాను. చాలా ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమావేశానికి రమ్మని పిలుపొస్తే, మేడమ్ పదవీ విరమణ చేయబోతున్నారని తెలిసి వెళ్లాను. ఆవిడ ఒక హాల్లో బల్లలు వేయించి, పేర్లు తెలియని ఫొటోలన్నీ పెద్దవిగా ప్రింట్ తీయించి పరిపించారు. ప్రతి ఫొటో మీదా పారదర్శక కాగితం, ప్రతి తలకీ ఒక అంకె. పక్కన పెన్సిల్, ఖాళీ కాగితం. ‘తెలిసిన పేరు రాయండి. ఎలా తెలుసో కూడా రాయండి.’ నేను వెళ్లి మళ్లీ పాత ఉద్యోగంలో కూర్చున్నాను, ఒక బల్ల వెనకాల.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చారు. నెమ్మదిగా ఒక్కో ఫొటో చూసుకుంటూ వచ్చి పుస్తకాల వరుస దగ్గర ఆగారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నవ్వుతున్న అమ్మాయే ఈవిడేమోనని నేను మొహం పోల్చి చూస్తున్నాను. ఆవిడ వేలు మాత్రం అటు వెళ్లలేదు. ఫొటో అంచుకి వెళ్లి ఆగింది.

“ఈ చెయ్యి నాదమ్మా.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ తన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, అరచెయ్యి పైకి తిప్పారు. వాచీ డయల్ లోపలి వైపే ఉంది.

“ల్యాబ్‌లో గీసుకుపోతుందని అప్పుడు అలా పెట్టుకునేదాన్ని. అలవాటు పోలేదు. ఇది నా రూమ్మేట్,” అని నవ్వుతున్న అమ్మాయి మీద వేలు పెట్టారు. “నేను పుస్తకాలు పడేశాను. మొత్తం దొంతర. లైబ్రేరియన్ గారు చూశారేమోనని నేను భయపడి చస్తుంటే ఇది ఇలా నవ్వింది.” కాస్త ఆగి, “ఇది పోయి ఆరేళ్లయింది. దీని ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు,” అన్నారు.

పేరు అడిగాను. ఇంటిపేరుతో సహా చెప్పారు. ఇద్దరివీ. పెన్సిల్ నా చేతిలో వణుకుతూనే రాసుకున్నాను. రాస్తూ రాస్తూ ఉండగా గుర్తొచ్చింది, ఆ పక్క ఫ్రేము. లేచి మేడమ్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆవిడ లాప్‌టాప్‌లో నంబరు కొట్టారు, చూడకుండానే, నోటికొచ్చినట్టుంది ఆ నంబరు ఆవిడకి. కదిలిపోయిన ఆ ఫ్రేము తెరిచాం. వెలుతురు చారలు, వంగిన మనిషి ఆకారం. నేల మీద తెల్లగా, చెల్లాచెదురుగా ఏవో.

పెద్దావిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“అవే పుస్తకాలు,” అన్నారు. “ఏరుకుంటున్నాను.”

నవ్వుతున్న అమ్మాయి ఫొటో ప్రింటు ఒకటి కవర్లో పెట్టి ఆవిడకిచ్చాం. కదిలిపోయినది కూడా కావాలని అడిగి తీసుకున్నారు. ఆ సాయంత్రం మేడమ్ నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, రికార్డు నాచేతే మార్పించారు. ‘గుర్తించలేం’ అన్న నా పాత మాట చెరిపి, ఆవిడ పేరు రాశాను. ఎలా తెలిసిందన్న గడిలో ‘స్వయంగా చెప్పారు’ అని రాసి, తేదీ వేశాను. ఆ వరుసలో ఇంకా పదకొండు మందికి పేర్లు లేవు.